జనార్దన్ గోల్ఫు, దుర్గమ్మ కొలత

జనార్దన్ పుట్టి బుద్ధెరిగాక ఎదుటివాణ్ని సలహా అడగకుండా ఒక్క పని చేసి ఎరగడు. తుమ్ము వచ్చినా సరే, పక్కవాడి వైపు తిరిగి "తుమ్మమంటవా, ఆపుకొమ్మంటవా? నువ్వేమంటవ్?" అని అడిగి, వాడు నోరు తెరిచేలోపు వాడి మొహం మీదే తుమ్మి, "జర జల్దీ చెప్పద్దా" అని వాడినే తప్పుపట్టే రకం.

తన పెళ్లిలో తాళి చేత్తో పట్టుకుని, ముడి ఎంత బిగువుగా వేయాలని ఫొటోగ్రాఫరును అడిగాడు. "ఆగుండ్రి, రీలు అయిపోయింది" అన్నాడతను. ఆగాడు. ముహూర్తం దాటిపోయింది. పెళ్లికూతురు మాత్రం లేచిపోలేదు, అది ఆయన అదృష్టం.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. ఒక వానాకాలం తిరుమలగిరి దారిలో వాగు రోడ్డెక్కింది. డ్రైవరు బస్సు ఆపాడు. దాటుదామా వద్దా అని జనార్దన్ సీటు సీటుకూ వెళ్లి అడిగాడు. నలభై రెండు మంది నలభై మూడు మాటలు చెప్పారు. ఆఖరి సీటు ముసలాయన తన చిన్నప్పటి వరద సంగతి మొదలుపెట్టి ముగించేసరికి వాగు తగ్గిపోయింది. "సూసిండ్రా, అడిగితె ఎంత లాభమో!" అన్నాడు జనార్దన్.

ఈ గుణాన్ని అందరికంటే ఎక్కువ ఈసడించుకునేది ఆయన వదిన దుర్గమ్మ. ఆమె ఒకరిని అడిగే మనిషి కాదు, ఒకరు చెబితే వినే మనిషి అసలే కాదు. చదివింది రెండో తరగతి. "మూడోదాంట్ల నాకు చెప్పేటంత సదువు పంతులు దగ్గర లేకుండె" అంటుంది. సూర్యాపేట శివారులో, మిర్యాలగూడ పోయే రోడ్డు పక్కన కొడుకు ఇంట్లో ఉంటుంది. జనార్దన్‌ది అదే వరసలో మూడో ఇల్లు.

మూడు నెలల కిందట దుర్గమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. డాక్టర్లు తమ పని బాగానే చేశారు. ఇక నడవాల్సింది ఆమె. నడవడం లేదు.

"రోజూ నడవకుంటె కీలు బిగుసుకపోతది అమ్మమ్మా. ఇంక నెలన్నర దాటితె నా చేతుల గూడ ఏముండదు" అని, ఇంటికొచ్చి కాలికి కసరత్తు చేయించే అఖిల గట్టిగానే చెప్పింది. చేతికర్ర పట్టుకోమంది.

"కట్టె పట్టుకొని వాడ మీదికి పోవాల్నా? ఇగ నన్ను సూసి ఎవలు భయపడ్తరు?"

కర్ర లేకుండా నడిస్తే పడిపోతానని భయం. కర్రతో నడిస్తే పరువు పోతుందని భయం. ఈ రెండు భయాల మధ్య వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కాలు కదలకపోయినా నోటితో వాడంతా తిరిగి వచ్చేది.

దారిన పోయే ప్రతివాడూ ఆమెకు ఒక సలహా పారేసి పోయేవాడు. కోడలు శ్రీలత బడిపంతులమ్మ కనుక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పేది. ఆఖరికి కరెంటు మీటరు చూసే అతను కూడా, "నడవాలె పెద్దమ్మా" అన్నాడు.

"నువ్వు మీటరు సూడు బిడ్డా, నా కాలు సూడకు."

అలాంటి రోజుల్లో ఒకనాటి పొద్దున జనార్దన్ భుజాన పొడుగాటి సంచీ ఒకటి వేలాడేసుకుని వచ్చాడు.

"ఏంది మర్దీ, బోరు పైపులు అమ్మవడితివా?"

"గోల్ఫ్ వదినా. నేర్సుకుందామని. కోదాడల ఫకీరా పాత సామాన్ల దుకాణంల దొరికింది. సిమెంటు ఫ్యాక్టరీ సారెవలో బదిలయ్యి పోతా వదిలేసి పోయిండంట."

"ఎందుకు వదిలేసిండో అడిగినవా?"

"అడగకుంట ఉంటనా? మొయ్యలేక అన్నరు."

"నీకంటె తెలివిగలోడు."

సంచీలో నాలుగు ఇనుప కర్రలు, పదకొండు తెల్ల బంతులు, ఎడమచేతి తొడుగు ఒకటి ఉన్నాయి. కుడిచేతి తొడుగు కోసం జనార్దన్ వారం రోజులు ఫకీరాకు ఫోను చేశాడు. "ఎలుకలు ఎత్తుకుపోయుంటాయండి, వెతుకుతున్నానండి" అని ఫకీరా రోజూ అంతే మర్యాదగా చెప్పాడు. ఆ ఆటకు ఉండేది ఒక్క తొడుగేనని అటు అమ్మినవాడికీ తెలియదు, ఇటు కొన్నవాడికీ తెలియదు.

దుర్గమ్మ ఇంటికి ఎదురుగా, రోడ్డవతల ఒక వెంచరు ఉంది. పెద్ద కమాను, సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు, మధ్యలో గడ్డి. ఇల్లు ఒక్కటీ లేవలేదు. కాపరి పిచ్చయ్య అక్కడ గొర్రెలు మేపుకుంటాడు. జనార్దన్ ఇరవై ఏడో నంబరు ప్లాటులో గుంట తవ్వి, ఎర్రగుడ్డ కట్టిన పుల్ల పాతాడు.

"పద్దెనిమిది గుంటలుంటయట వదినా!"

"నీకొక్కటి చాలు, కాలు ఇరుగనీకె."

బంతిని ఎలా కొట్టాలి? జనార్దన్ అడగడం మొదలుపెట్టాడు. "గొర్రెను అదిలించినట్టు, తాకీ తాకనట్టు" అన్నాడు పిచ్చయ్య. "తాపీతోటి సిమెంటు ఇసిరినట్టు మణికట్టు తిప్పాలె" అన్నాడు పక్కన గోడ కడుతున్న మేస్త్రీ తిరుపతి. ఇంకా తనివి తీరక బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లి, రైసుమిల్లు హమాలీలను అడిగి వచ్చాడు. "నడుం కాదు, మోకాళ్లు వంచాలె. బస్తా అయినా బంతి అయినా గంతే" అన్నారు వాళ్లు.

మర్నాడు ఎవరి మనసూ నొప్పించకుండా అన్ని సలహాలూ ఒకే దెబ్బలో పెట్టాడు. మోకాళ్లు వంచాడు, మణికట్టు తిప్పాడు, "హేయ్!" అని అదిలించాడు. బంతి ఉన్నచోటే ఉంది. కర్ర మాత్రం చేతిలోంచి జారి గిరగిరా తిరుగుతూ పోయి ముళ్లకంపలో పడింది. నలభై గొర్రెలు నలభై దిక్కులకు లేచిపోయాయి. వాటి వెనక పిచ్చయ్య, పిచ్చయ్య వెనక తిట్లు.

"తాకిందా?" అన్నాడు జనార్దన్.

"బంతికి తప్ప అన్నిటికి తాకింది!" వరండాలోంచి దుర్గమ్మ.

జనార్దన్ గేటు దాకా వచ్చి చెమట తుడుచుకున్నాడు. "మరి ఎట్ల కొట్టాలె వదినా? నువ్వేమంటవ్?"

మూడు నెలల్లో దుర్గమ్మను ఒకరు ఒక మాట అడగడం అదే మొదలు.

"మా తల్లిగారి ఊరు ఆత్మకూరుల నేను చిర్రగోనె ఆడితె మొగపోరగాండ్లు బువ్వ తినకుంట ఏడుద్దురు. కట్టె దిక్కు సూడకు, చిర్ర దిక్కు సూడు. కొట్టినంక గూడ ఆడనే సూడు."

"ఇనవడ్తలేదు వదినా, లారీలు పోతున్నయ్."

ఆమె కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చి అరిచింది. అప్పుడూ వినపడలేదు. మర్నాడు జనార్దన్ వెంచరులో ఉండగా గేటు దాకా వచ్చి అరిచింది. అప్పుడు సగం వినపడింది. ఆ సగంతోనే కొడితే బంతి మొదటిసారి లేచి ఎగిరింది.

"రెండు వందల కట్టెలు!" అని కేక పెట్టాడు జనార్దన్.

చిర్రగోనె అంటే కర్రాబిళ్ల ఆటే; అందులో చిర్ర, అంటే బిళ్ల, ఎంత దూరం పోయిందో కర్రతోనే కొలుస్తారు. కొట్టినవాడు ఒక లెక్క చెబుతాడు. అవతలివాడు నమ్మకపోతే కొలుచుకోవాలి. కొలవకపోతే చెప్పింది మింగాలి. గోల్ఫుకూ అదే కాయిదా అని ఇద్దరూ అనుకున్నారు.

"థూ, అబద్ధాలకోరు! వంద గూడ ఉండది!"

"నమ్మకుంటె కొలుసుకో వదినా."

దుర్గమ్మ పుట్టి ఇన్నేళ్లయినా ఒకరి మాట మింగింది లేదు. గేటు తీసింది, రోడ్డు దాటింది, మరిది చేతిలో కర్ర గుంజుకుంది. వంగలేదు గనుక కర్రను ముందుకు చాపి ఆనించి, దాని తల దాకా నడిచి, మళ్లీ చాపి, మళ్లీ నడిచి, ఒక్కొక్కటే బిగ్గరగా లెక్కపెట్టింది.

"అరవై ఏడు! రెండు వందలంట, రెండు వందలు!" వాడంతటికీ వినపడేలా చాటి, అదే కోపంలో ఇంటికి నడిచి వెళ్లింది. గోడ పట్టుకోవడం మరిచిపోయింది.

ఆ తర్వాత రోజూ అదే తంతు. జనార్దన్ అబద్ధం రోజు రోజుకూ పెరిగేది, దుర్గమ్మ నడక దాని వెంట పెరిగేది. ఒకరోజు బంతి వెనక్కి పోయింది. "మూడు వందలు!" అన్నాడు సిగ్గులేకుండా. ఆమె వెనక్కీ కొలిచింది.

హైదరాబాద్ నుంచి ప్లాటు చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి కారు దిగి, "గోల్ఫులో ఇలా కొలవరమ్మా" అన్నాడు.

"మీ హైదరాబాదుల కొలవకుంటె ఎవలి అబద్ధం వాళ్లకే ఉంటది. గీడ కుదరది" అంది దుర్గమ్మ. ఆయన కారెక్కాడు.

అఖిల మళ్లీ వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. "అత్తమ్మ ఎదురుంగ ఉన్నది, నలభయ్యో ప్లాటుల" అంది శ్రీలత. అఖిల అక్కడికే వెళ్లి, రాయి మీద కూర్చోబెట్టి కాలు వంచి చూసింది, చాపి చూసింది. చక్కగా వంగుతోంది. ఆ పిల్ల పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"మీ మరిది నా దగ్గరికొచ్చి ఏమడిగిండో తెల్సా అమ్మమ్మా? 'మా వదిన కట్టె పట్టుకుంటె పరువు పోతదంటది. కట్టె పట్టుకున్నా పరువు పోని పని ఏదన్న ఉన్నదా, నువ్వేమంటవ్ బిడ్డా' అన్నడు. నేను నవ్వులాటకు 'గోల్ఫ్ ఉన్నది సార్' అన్న. ఆయన సీదా కోదాడకు పోయిండు!"

దుర్గమ్మ తల తిప్పి చూసింది. దూరంగా జనార్దన్ ఆకాశం వైపు వేలు చూపించి, అది వాన మబ్బో కాదో పిచ్చయ్యను అడుగుతున్నాడు. ఆ సాయంత్రమంతా ఆమె ఎవర్నీ ఒక్క మాట అనలేదు. జ్వరం వచ్చిందేమోనని శ్రీలత నుదురు తాకి చూసింది.

తెల్లారి దుర్గమ్మ వెంచరుకు వెళ్లేసరికి జనార్దన్ సంచీ భుజాన వేసుకుని కోదాడ బస్సుకు తయారుగా ఉన్నాడు.

"కాలు మంచిగైందట గద వదినా. ఇగ ఫకీరాకు వాపస్ ఇచ్చొస్త. నాకు రాని ఆట, ఖతం."

"ఎవల్ని అడిగి ఇస్తున్నవ్?"

జనార్దన్ బిత్తరపోయాడు. నిజమే, ఎవరినీ అడగలేదు.

"కట్టె తియ్. ఇయ్యాల నేను కొడ్త."

కర్ర తీసుకుంది. బంతి దిక్కే చూసింది. ఒకే ఒక్క దెబ్బ. బంతి లేచి, కమాను మీదుగా పోయి, రోడ్డు మీద మిల్లుకు వెళుతున్న వడ్ల లారీలో బస్తాల మధ్య పడింది. లారీ ఆగలేదు.

పిచ్చయ్య గొర్రెలను మరిచి నోరు తెరిచాడు.

"మిర్యాలగూడ దాకా" అంది దుర్గమ్మ. "నమ్మకుంటె కొలుసుకో."

జనార్దన్ ఆమె చేతిలోంచి కర్ర తీసుకుని, దాన్నీ పొడుగాటి రోడ్డునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత సంచీ కింద పెట్టి, రోడ్డు అంచున కర్ర చాపి, "ఒకటి" అన్నాడు.

"ఉండు మర్దీ, ఒక్కనివే పోతె దొంగలెక్క చెప్తవ్" అని దుర్గమ్మ కొంగు బిగించి, "రెండు" అంటూ ఆయన కంటే ముందు నడిచింది.