బళ్ళో తగ్గించిన రెండేళ్ళు

చేసిన పాపం చెపితే పోతుందంటారు. చూద్దాం, పోతుందేమో.

ఖరగ్‌పూర్‌లో తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రెండేళ్ళు తగ్గించి రాయడం మావాళ్ళ అలవాటు. రేపు రైల్వే ఉద్యోగం వస్తే ఆ మేరకు సర్వీసు ఎక్కువ దొరుకుతుందని వర్క్‌షాపు వాళ్ళ ఆశ. ఎంతమందికి తగ్గించానో! అందరూ దణ్ణాలు పెట్టి వెళ్ళేవారు.

తాల్‌బగీచాలో మా వెనకింటి పిల్లకీ అంతే, ఏడేళ్ళుంటే ఐదని రాశాను. రైల్వే ఉద్యోగం రానేలేదు. పెళ్ళయింది. మొన్నామధ్య మొగుడు నడుం విరిగి మంచాన పడితే, గల్ఫులో ఇంటిపనికి పోతానని బయల్దేరింది. ముప్ఫై నిండని ఆడదాన్ని ఆ పనికి పంపకూడదని ప్రభుత్వం నిబంధన. ఆడపిల్లలు అన్యాయమైపోకూడదనే పెట్టారు, మంచిదే. దీనికి నిజంగా ముప్ఫై నిండాయి. కాగితాల్లో మాత్రం ఇరవై ఎనిమిది.

"రెండేళ్ళు ఆగవే" అన్నాను, సిగ్గులేకుండా.

"అందాకా ఆయన మందులెవులు కొంతారు టీచరమ్మా?" అంది.

ఏజెంటు "ఠీక్ హై దీదీ, విజిట్ వీసా చేయించేస్తాను" అన్నాడట. వాడి నోట్లో మన్ను పడ! చుట్టపుచూపు వీసా మీద వెళ్ళి అంట్లు తోముతోంది. ఆ గడువు దాటిపోయింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. బయటికొస్తే పోలీసులు పట్టుకుంటారు, లోపలుంటే కొట్టినా అడిగే దిక్కులేదు. పద్ధతిగా వెళ్ళినవాళ్ళకి ఒప్పందమైనా ఉంటుంది. దీనికి అదీ లేదు.

నిన్న వాళ్ళమ్మ తెల్లకాగితం పట్టుకుని వచ్చింది, పిల్లని వెనక్కి పంపమని అక్కడి మన ఎంబసీకి అర్జీ రాయమంటూ. ఇక ఉండబట్టలేక కక్కేశాను.

"నీ కూతురు దొంగదారిన పోవలసివచ్చింది నా రాతవల్లే. తిట్టు నన్ను."

"ఓలమ్మ, అదేటి టీచరమ్మా! ఆడపిల్లకెందుకని మీరు కోప్పడినారు. కాళ్ళట్టుకుని రాయించినది నాను కదా. అది ఎల్లిన కాడినుంచి నాకు ముద్ద దిగట్నేదు. ఈ సంగతి దానికి తెల్దు. తెలిస్తే నా మొకం సూడదు."

కళ్ళజోడు పెట్టుకుని అర్జీ రాశాను. విజిట్ వీసా మీద ఎందుకు వెళ్ళిందో చెప్పాల్సిన చోట, తల్లిదండ్రులు వద్దంటున్నా వయసు తగ్గించింది టీచరునైన నేనేనని రాసి, కింద సంతకం పెట్టాను.