అక్క గోళ్లకు పెట్టిన రంగు

మాది చివ్వెంలలో మంగలి ఇల్లు. నాయిన మగవాళ్లకు క్షౌరం చేసేవాడు. అమ్మ కాన్పులు చేసేది, పెండ్లిళ్లలో గోళ్లు తీసేది. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. చిన్న కత్తిని పాలలో ముంచి పెండ్లిపిల్ల గోళ్ల కొసలు తీసి, ఆ తర్వాత గోళ్లకు, పాదాల అంచులకు పారాణి పెట్టేది. పారాణి అంటే పసుపులో సున్నం కలిపి నూరిన ఎర్రటి ముద్దే. అది రెండు మూడు స్నానాలకు వెలిసిపోయేది. దానికి ఎవరూ బాధపడేవాళ్లు కాదు.

నాకు పదేళ్లప్పుడు కోదాడ నుంచి కొత్త రంగు వచ్చింది. అక్కడ ఒక దుకాణంలో ఎర్రపొడి పొట్లం, దానితోపాటు చిన్న సీసాలో ఏదో నీళ్లు అమ్మేవారు. పొట్లం మీద ఎర్రగోళ్ల ఆడచేయి బొమ్మ తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు. నైజాం సరిహద్దు అవతల నుంచి మూటల్లో వచ్చేది. సరిహద్దు నాకా దగ్గర సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్లు మూట విప్పి, తూకం వేసి, సుంకం తీసుకుని వదిలేసేవారు. లోపలిది ఏమిటని అడగడం ఎవరి పనీ కాదు.

ఒక గొల్లవారి పెండ్లిలో అమ్మ మొదటిసారి ఆ రంగు పెట్టింది. నెల గడిచినా ఆ పిల్ల గోళ్లు ఎర్రగానే ఉన్నాయని ఊరంతా చెప్పుకున్నారు. ఇక ఆ తర్వాత పెండ్లివారంతా అదే కావాలన్నారు. అమ్మ వేళ్ల కొసలు పగలడం అప్పుడే మొదలైంది. పారాణి సున్నం చర్మాన్ని తిన్నదనుకుని ఆముదం రాసి గుడ్డపీలిక చుట్టుకునేది.

ఆ ఎండాకాలం అక్క పెండ్లి. అక్కకు పదహారేళ్లు. మిర్యాలగూడలో మా కులంవాళ్లదే సంబంధం. ఊరందరి బిడ్డలకు రంగు పెట్టిన అమ్మ, తన బిడ్డకు ఒకటికి రెండుసార్లు పెట్టింది. మొదటి పూత ఆరాక సీసాలో మిగిలిన నీళ్లన్నీ పొడిలో పోసి మళ్లీ పూసింది. నేను విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చున్నాను.

"సాలు అవ్వా. మండుతాంది" అంది అక్క.

"జర ఓర్సుకో బిడ్డా. మండితెనే పట్టినట్టు" అంది అమ్మ.

అక్క పెదవి కరుచుకుని నవ్వింది. మరునాడు పందిట్లో ఆ పది గోళ్లు దానిమ్మగింజల్లా మెరిశాయి. వచ్చిన ఆడవాళ్లు వరసగా ఆమె చేయి పట్టుకుని చూశారు.

ఇరవై రోజులు తిరక్కుండానే మా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. ముందు అక్క అత్త దిగింది. వెనక అక్క, చేతులు రెండూ కొంగులో దాచుకుని. అమ్మ కొంగు తప్పించి చూసింది. గోళ్లు తెల్లబడి పైకి లేచాయి. వేళ్లు బొబ్బలెక్కి రసి కారుతున్నాయి. రెండు వేళ్లకు గోరే లేదు.

అత్త అరుగు మీద కూర్చోలేదు. "వదినె, మనది నలుగురిని ముట్టుకునే బతుకు. నీకు సెప్పేదేమున్నది? మా ఊల్లె పెద్దరోగమంటున్నరు. మొన్న నన్ను ఒక కాన్పుకు పిలిసి, మళ్ల రావద్దన్నరు" అంది.

పెద్దరోగమంటే కుష్ఠు.

"రోగం కాదు వదినె! నేను పెట్టిన రంగు. నా సేతులు సూడు, నాక్కూడ గిట్లనే అయినయి" అని అమ్మ గుడ్డపీలికలు విప్పి చేతులు చాపింది.

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "అయితే నీకు గూడ ఉన్నదా?" అంది. అక్కను మా వాకిట్లోనే వదిలి, మంచినీళ్లు కూడా ముట్టకుండా బండెక్కింది. ఆమె గయ్యాళి అని నేను చెప్పను. బండి కదిలేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మరునాడే అమ్మ అక్కను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. నన్ను కూడా వెంటబెట్టుకుంది. డాక్టరు అక్క వేలు పట్టుకుని సూదితో గుచ్చాడు. అక్క కెవ్వున అరిచింది. "అరిచిందంటే ఆ రోగం కాదమ్మా. ఆ రోగమైతే సూది గుచ్చినా తెల్వదు" అన్నాడాయన. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. బిడ్డ నొప్పితో అరిస్తే సంతోషంతో ఏడ్చిన తల్లిని నేను ఆ ఒక్కసారే చూశాను.

అమ్మ వెంట తెచ్చిన పొట్లం డాక్టరు విప్పి చూశాడు. ఖాళీ సీసా వాసన పీల్చి మొహం తిప్పుకున్నాడు. "ఇది నూలుకు ఏసే రంగు. పట్టేటందుకు ఈ ఘాటు నీళ్లు. మనిషి తోలుకు పెట్టేది కాదు" అన్నాడు.

"గిది అమ్మొద్దని మీరు సెప్పరాదా సాబ్?"

"దవాఖానల మందైతే నేను ఆపుత. దుకాణంల రంగుకు నా మాట నడవదు. దాని మీద ఖానూన్ లేదు." ఆయన చేయగలిగింది ఒక్కటే చేశాడు. రోగం కాదని కాయితం రాసి ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ కాయితం పట్టుకుని అమ్మ మిర్యాలగూడ పోయింది. అక్కడ జరిగింది తర్వాత నాకు తనే చెప్పింది. వియ్యపురాలు కాయితాన్ని చదివించుకుని, మడిచి తిరిగి ఇచ్చిందట. "నేను నమ్ముత వదినె. మరి ఊరు నమ్ముతదా? కాన్పుకు పిలిసేటోళ్లందరికి ఈ కాయిదం సదివి సెప్పాల్నా?" అందట. అల్లుడు పెరట్లో కత్తి నూరుకుంటూ తలెత్తలేదట.

అమ్మ వియ్యపురాలిని తిట్టుకుంటూనే తిరిగి వచ్చింది. కానీ నెల తిరిగేసరికి మా ఊళ్లోనూ నాయినను క్షౌరానికి పిలిచేవాళ్లు తగ్గారు. పటేలు ఇంటినుంచి, కొన్నాళ్లు రావద్దని కబురొచ్చింది. నాయిన తన కత్తుల పొది మూటగట్టి దూలానికి తగిలించాడు. ఆ రోజునుంచి అమ్మ వియ్యపురాలిని ఒక్క మాట అనలేదు.

కోపమంతా కోదాడ దుకాణం మీదికి మళ్లింది. అంగడి రోజున అమ్మ, నేను అక్కడికి పోయాం. దుకాణదారు మర్యాదగానే మాట్లాడాడు. "మీరు పాళ్లు తప్పి కలిపుంటారమ్మా. ఇంతమంది తీసుకెళ్తున్నారు, ఎవరూ ఏమీ అనలేదే" అన్నాడు.

"అన్న, నూలు రంగని సెప్పి అమ్మరాదా? పొట్లం మీద గా మాట రాయరాదా?"

"నేను రాసేదేముందమ్మా? వచ్చింది వచ్చినట్టు అమ్ముతాం."

అమ్మ పీలికలు విప్పి రెండు చేతులూ గల్లాపెట్టె పక్కన పెట్టింది. పొట్లం కొంటున్న ఇద్దరు ఆడవాళ్లు దాన్ని అక్కడే వదిలేసి పోయారు. అది మొదలు, ప్రతి అంగడికీ అమ్మ ఆ దుకాణం ఎదురుగా కూర్చుని వచ్చే పోయే ఆడవాళ్లకు చేతులు చూపించేది. కొందరు నిలబడి వినేవారు. కొందరు బిచ్చగత్తె అనుకున్నారు. ఒకామె కొబ్బరిచిప్ప ఒళ్లో వేసిపోయింది. తర్వాత గడబిడ రోజులొచ్చాయి. దారుల్లో రజాకార్ల భయం. అమ్మ పోవడం ఆగిపోయింది.

యూనియన్ మిలిటరీ వచ్చి అంతా సద్దుమణిగాక కోదాడకు కొత్త ఆఫీసరు వచ్చాడని, తెలుగు మాట్లాడతాడని విన్నాం. ఈసారి అమ్మ అక్కను కూడా తీసుకుపోయింది. అప్పటికి అక్క గోళ్లు కొన్ని వంకరగా, గరుకుగా మొలిచాయి. మూడు వేళ్లకు మాత్రం మొలవనే లేదు. ఆఫీసరు ఆ వేళ్లను చాలాసేపు చూశాడు. దీనికి ఏ రూలు ఉందని గుమాస్తాను అడిగాడు. ఏదీ లేదన్నాడు గుమాస్తా.

"రూలు లేదమ్మా. జరిమానా వేయలేను. కానీ ఊళ్లో చాటింపు వేయిస్తాను" అన్నాడు ఆఫీసరు.

ఆ మధ్యాహ్నమే బజారులో డప్పు మోగింది. నూలు రంగును గోళ్లకని, ఒంటికని అమ్మరాదు, పొట్లం మీద అది దేనికో రాసి తీరాలి, అని చాటాడు డప్పు కొట్టేవాడు. మేము ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి విన్నాం. అమ్మ ఆ మాటలను తనలో తాను మళ్లీ మళ్లీ అనుకుంది. అక్క మొహం వెలిగిపోయింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి కొంగులోంచి చేతులు తీసి అమ్మ భుజం పట్టుకుంది.

"అవ్వా, ఇగ అందరికి తెలిసింది గద. నన్ను తీస్కపోను వస్తరా?"

అమ్మ నా వైపు చూసింది. ఆ మొగుడికి మళ్లీ పెండ్లయిందని, కొత్త కోడలు నెల తప్పిందని మా ఇంట్లో అక్కకు తప్ప అందరికీ తెలుసు. ఎప్పటికప్పుడు రేపు చెబుదామనుకుంటూ దాటేశారు. డప్పు చప్పుడు ఇంకా వినబడుతుండగానే, నడిబజారులో అమ్మ ఆ మాట చెప్పింది.

అక్క ఏడవలేదు. "గట్లనా" అంది. చేతులు మళ్లీ కొంగులో దాచుకుని, "ఆమెకు ఏం రంగు పెట్టిన్రో" అంది.

దుకాణంలో ఆ పొట్లాలు కొన్ని నెలలు కనబడలేదు. తర్వాత వేరే బొమ్మతో మళ్లీ వచ్చాయని విన్నాం. అమ్మ కాన్పులు చేసింది గానీ, మళ్లీ ఏ పెండ్లిలోనూ గోళ్లు తీయలేదు. అక్క పుట్టింట్లోనే ఉండిపోయింది. వేరే సంబంధం మాటెత్తితే లేచి లోపలికి పోయేది. అమ్మను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చివరి రోజుల్లో మంచాన పడ్డ అమ్మ, "ఒక్కసారన్న తిట్టు బిడ్డా" అని బతిమాలింది. అక్క ఆమె తల ఒళ్లో పెట్టుకుని, చెంచాతో గంజి తాగించింది.