పోస్టు చేయని కవరు

ఆ కవరు నేను పోస్టు చేయలేదు. పదకొండు రోజులు నా డైరీ అట్టకీ, దాని ప్లాస్టిక్ తొడుగుకీ మధ్య దాచాను. ఈ సంగతి, కవరు ఇచ్చిన మనిషికి తప్ప, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. రెండో ఏడు చదువుతుండగా ఒక యూదు పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ముప్పై ఏళ్ల క్రితం ఒడెస్సా నుంచి వచ్చి స్థిరపడ్డారు. అక్కడ బడిలో లెక్కలు చెప్పేవారట. అద్దె తక్కువ. బదులుగా నేను సరుకులు తేవాలి, కిందనున్న పెట్టెలోంచి ఉత్తరాలు తేవాలి, సాయంత్రం ఒక గంట పేపరు చదివి వినిపించాలి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఆవిడది. ముక్కుకి సన్నని గొట్టం, మంచం పక్కన రాత్రింబవళ్లు గుర్రుమనే ఆక్సిజన్ మిషను. మూడో అంతస్తు దిగి ఏడాది దాటింది. మాట్లాడడానికి సిగ్గుపడే నాకూ, నాలుగు మాటలకే ఆయాసపడే ఆవిడకీ బాగానే కుదిరింది.

అక్టోబరులో ఒక ఉదయం కవరు నా చేతికిచ్చి, "మా తమ్ముడికి చెప్పకు," అన్నారు. స్టాంపులు రెండూ వంకరగా అంటించి ఉన్నాయి. మెట్లు దిగుతూ అడ్రసు చూశాను. చనిపోవాలనుకునేవాళ్లకు తోడ్పడే ఒక సంఘం అది.

ఆ సంఘం పేరు ఆవిడకు చెప్పింది నేనే. అంతకుముందు వారం పేపర్లో చదివి వినిపించాను. చావడానికి సాయం కోరడం మనిషి హక్కేనని ఇక్కడి పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పిందనీ, దానికో పద్ధతి పెడుతూ చట్టం చేయబోయిన పార్లమెంటు ఒక మాట మీదికి రాలేకపోయిందనీ ఆ వ్యాసం. చదువుతున్నంతసేపూ నా జర్మన్ ఉచ్చారణ గురించే బెంగ. అర్థం మీద మనసే పెట్టలేదు. "ఆ పేరు ఇంకోసారి చదువు," అన్నారు. నా ఉచ్చారణ బాగాలేదేమోనని గొంతు సవరించుకుని, మరింత స్పష్టంగా చదివాను.

ట్రామ్ స్టాపు పక్కనే పసుపు రంగు పోస్టు డబ్బా. దాని ముందు నిలబడి కవరు సగం వరకు లోపలికి తోశాను. వేళ్లు వదల్లేదు. వెనకాల ఎవరో దగ్గితే ఉలిక్కిపడి కవరు లాగేసుకుని ట్రామ్ ఎక్కేశాను.

ఆ రోజు నుంచి నాకు రెండు భయాలు. వేస్తే, ఒక మనిషి ప్రాణం తీసిన చెయ్యి నాదవుతుంది. వేయకపోతే, ఇంకొకరి ఉత్తరం దాచిన దొంగనవుతాను. ఈ దేశంలో అది నేరమేనని లైబ్రరీలో వెతికి మరీ తెలుసుకున్నాను. రోజూ మధ్యాహ్నం నేను తలుపు తీయగానే ఆవిడ లోపలి నుంచి అడిగేవారు.

"పోస్టు వచ్చిందా?"

"కరెంటు కంపెనీది ఒకటి. సూపర్ మార్కెట్ కాగితాలు."

"అంతేనా?"

"అంతే."

ఆ "అంతే" అనడానికి కింది అంతస్తు నుంచే గొంతు సిద్ధం చేసుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక యూనివర్సిటీలో సీనియరైన ఒక అక్కకి ఫోన్ చేశాను. ఆమెది కరీంనగర్. కవరు మాట చెప్పలేదు. ఆవిడ మనసు బాగాలేదనీ, ఏమైనా చేసుకుంటారేమోననీ మాత్రమే అన్నాను.

"ఏందే, నువ్వు గా ముసలామె ఇంట్ల ఇంకా ఉన్నవా? నీ వీసా రెన్యువల్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు?"

"డిసెంబర్లో అక్కా."

"మరింకేంది! ఆమెకేమన్నయితే పోలీసోళ్లు ఫస్ట్ నిన్నే పిలుస్తరు. నీ ఆన్మెల్డుంగ్, గదే సిటీ రిజిస్ట్రేషన్, గా అడ్రస్ మీదనే ఉన్నదాయె. పిచ్చిదానా, వేరే రూమ్ చూస్కో. నా దగ్గర పండుకో గావాల్నంటే."

ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేదు. తెరిస్తే కవరు చేతికి తగులుతుంది.

పదో రోజు శుక్రవారం. ఆవిడ తమ్ముడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం జడలా అల్లిన బ్రెడ్డు పట్టుకొస్తారు. పొద్దుగూకేలోపు వెళ్లిపోవాలి. చీకటి పడితే వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుంది. రిటైరైన ఇంజనీరు. ఈ దేశం వచ్చాకే మతం పట్టుకున్నాడని ఆవిడ వెక్కిరిస్తుంటారు. ఇద్దరూ రష్యన్‌లో మాట్లాడుకుంటారు కానీ, ఆ రోజు నేను టీ పట్టుకెళ్లేసరికి ఆవిడ జర్మన్‌లోకి మారారు.

"కూర్చో పిల్లా. నువ్వూ విను. వీడు పార్లమెంటు కంటే పెద్ద ఉపన్యాసం ఇస్తున్నాడు."

"చట్టం రానీ అంటున్నాను, అంతే," అన్నారాయన. "సలహాదారులూ, కొన్నాళ్లు ఆలోచించుకునే గడువూ ఉండాలి. తొందరపడి ఎవరూ..."

"నా ఊపిరితిత్తులు పార్లమెంటు కోసం ఆగవురా."

"అక్కా, ఈ దేశంలోనే కదా ఒకప్పుడు ఎవరు బతకాలో ఎవరు అక్కర్లేదో డాక్టర్లు కాగితం మీద రాసింది?"

"అప్పుడు వాళ్లు రాశారు. ఇప్పుడు నేను రాసుకుంటాను. ఆ తేడా తెలియదా నీకు?"

రాసుకుంటాను అన్న మాటకి ఆయన ఏమీ అనుమానపడలేదు. నేనే డైరీ ఉన్న నా గది వైపు చూశాను.

"ప్రాణం నీది కాదక్కా. దేవుడు దాచిపెట్టమని నీ చేతికిచ్చింది."

"అయితే ఇచ్చినాయన్నే వచ్చి తీసుకుపొమ్మను. తలుపు తీసే ఉంచాను."

ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, నాకే పాఠం చెబుతున్నట్టు చెప్పారు. "మా వాళ్లు ఒక ఉదాహరణ చెబుతారు. ఇంట్లో మనిషి ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. బయట ఎవరో కట్టెలు కొడుతున్నారు. ఆ చప్పుడుకి ప్రాణం పోలేక కొట్టుకుంటోంది. అప్పుడు వెళ్లి ఆ కట్టెలు కొట్టేవాణ్ని ఆపొచ్చు. తప్పు లేదు. కానీ ప్రాణం త్వరగా పోవాలని ఆ మనిషి తల కింది దిండు మాత్రం లాగకూడదు."

"ఈ వీధిలో కట్టెలు కొట్టేవాడెక్కడ దొరుకుతాడు? కొట్టాలంటే మునిసిపాలిటీ పర్మిషన్ కావాలి," అన్నారావిడ. అని దగ్గారు. చాలాసేపు దగ్గారు. తెరిపిన పడ్డాక గొంతు మారిపోయింది. "నాకు చావంటే భయం లేదురా. ఊపిరాడకపోవడం అంటే భయం. నీ పుస్తకాల్లో దానికేముంది?"

"రబ్బీని అడిగాను. కొత్త మిషన్లు పెట్టించుకోనంటే ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆయాసానికి మందు తీసుకోవచ్చు, మత్తు వచ్చేంతైనా సరే, బాధ తగ్గడానికే అయితే. ఇంకోటి, ఆఖర్న మనిషిని ఒంటరిగా వదలకూడదు. నేనుంటాను."

"నన్నడక్కుండా నా చావు గురించి ఊరంతా అడిగొచ్చావా?" అన్నారావిడ. కానీ ఆయన చెయ్యి వదల్లేదు. కిటికీలో వెలుగు తగ్గుతుంటే, "పో, నీకు టైమైంది," అని ఆవిడే పంపించారు.

కట్టెలు కొట్టేవాడు ఆ రాత్రంతా నా తలలో ఉన్నాడు. నేను ఆపుతున్నానా, లాగుతున్నానా? ఎటు తిప్పి చూసినా నేను చేసింది ఆ రెంటిలోనూ ఇమడలేదు. మర్నాడు కాఫీతో పాటు కవరు కూడా ట్రేలో పెట్టి తీసుకెళ్లాను.

ఆవిడ వంకర స్టాంపుల్ని చూసి గుర్తుపట్టారు. కవరు తీసి దుప్పటి మీద పెట్టుకున్నారు.

"తమ్ముడు దేవుడి తరఫున మాట్లాడతాడు. కోర్టు నా తరఫున మాట్లాడింది. నువ్వెవరి తరఫున?"

"భయమేసిందండీ."

"నా కోసమా, నీ కోసమా?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "రెండూ. డిసెంబర్లో నా వీసా..."

ఆవిడ నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. పెదాలు నీలమయ్యాయి. మిషను మీద ఏ మీట నొక్కాలో మర్చిపోయి నిలబడిపోయాను. చంపేశాననే అనుకున్నాను. తేరుకున్నాక నా మణికట్టు పట్టుకున్నారు.

"సొరుగులో పెట్టు. రోజూ పొద్దున్నే నన్నడగాలి, ఇవాళ వేయమంటారా అని. వేయమంటే వేయాలి. ఇక దాచడానికి వీల్లేదు. ఒట్టు పెట్టు."

"ఎవరి మీద?"

"నీ డైరీ మీద."

అలా మొదలైంది. కాఫీ పెట్టి, గొట్టం సరిచేసి, కిటికీ వైపు చూస్తూ అడిగేదాన్ని. "ఇవాళ ఉత్తరం వేయమంటారా?" కొన్నిసార్లు వెంటనే చెప్పేవారు. "వద్దు. టమాటాలు తీసుకురా." కొన్నిసార్లు ఎంతసేపటికీ చెప్పేవారు కాదు. ఆ ఎదురుచూపులో నేను సొరుగు పిడినే చూస్తుండేదాన్ని. చలికాలం ముదిరాక డాక్టరు ముఖానికి బిగించే పెద్ద మిషను తెస్తామంటే ఆవిడ వద్దన్నారు. తమ్ముడు పక్కనే ఉండి తలూపారు. ఇంటికొచ్చే నర్సు ఆయాసానికి మందు మొదలుపెట్టింది. ఆవిడ ఎక్కువగా నిద్రలోనే ఉండేవారు. అయినా నేను అడగడం మానలేదు. అడగడం మానేస్తే మళ్లీ దాచినట్టేనని భయం.

ఫిబ్రవరిలో నా పరీక్ష రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మెట్ల మీదే తెలిసిపోయింది. మిషను గుర్రు వినిపించలేదు. తమ్ముడు మంచం పక్కన కుర్చీలో ఉన్నారు. పొద్దున నేను వెళ్లినప్పటి నుంచీ లేవలేదట. దిండు ఎలా ఉన్నదో అలాగే ఉంది. మర్నాడే ఖననం. ఆయన సొరుగు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. కవరు మళ్లీ నా డైరీ తొడుగులోనే ఉంది. వంకర స్టాంపుల మీద ముద్ర పడలేదు.

ఆ రోజు పొద్దున కూడా అడిగాను. హాల్ టికెట్ చేత్తో పట్టుకుని, వంగి, ఆవిడ చెవి దగ్గర. ఆవిడ కళ్లు తెరవలేదు. ఈసారి వేయమనే అంటారనుకున్నాను. ట్రామ్‌కి టైమవుతోంది. అప్పుడు పెదాలు కదిలాయి.

"ఇవాళ వద్దు. నీకు పరీక్షుంది కదా. రేపడుగు."