ఒక పూట కబడ్డీ, ఒక పూట పరుగు

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం డ్రిల్లు మాస్టారు మా ఇంటికి వచ్చారు. మా పేటకు మాస్టార్లు వచ్చారంటే పిల్లలు ఏదో తప్పు చేసే ఉంటారని అనుకుంటాం. నేను అప్పుడే పత్తి చేలో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. చెంబు పక్కన పెట్టి మంచం వాల్చాను. ఆయన కూర్చోలేదు. సైకిలు పట్టుకునే మాట్లాడారు.

"చూడమ్మా, కబడ్డీలో మీ పిల్ల మా స్కూల్లో అందరికంటే మెరుగు. జనవరి ఆఖర్లో సత్తెనపల్లిలో పోటీలున్నాయి. అక్కడ బాగా ఆడితే ఆటల హాస్టల్లో సీటొస్తది. తిండి, బట్టలు, చదువు అన్నీ గవర్నమెంటే చూసుకుంటది."

"మంచిదే కదా మాస్టారూ."

"మంచిదే. కానీ ఆ పరుగు పందెం పిచ్చి మాన్పించాలి. పొద్దున్నే కాలవ కట్ట మీద పరిగెత్తి, నా దగ్గరకొచ్చేసరికి అలిసిపోతంది. రెండూ పెట్టుకుంటే ఏదీ రాదు. సోమవారంలోగా ఏ ఆటో తేల్చి చెప్పండి."

ఆయన వెళ్ళిపోయాక చెంబులో మిగిలిన నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాను. మా పేటలో ఆడపిల్లలు ఎనిమిదో తొమ్మిదో కాగానే బడి మానేసి మాతోపాటు కోతల ముఠాలోకి వచ్చేవాళ్ళు. నేనైతే ఐదో తరగతి అవగానే వచ్చేశాను. అందుకే ఇప్పుడీ నాలుగు మాటలు రాయడానికి కూడా అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తోంది. మా అమ్మాయి మాత్రం ముఠాలోకి రాకూడదని నా పట్టుదల. ఆ హాస్టలు సీటు వస్తే పిల్ల ముఠాలోకి రాదు. రాకపోతే వస్తుంది. నాకు తెలిసిన లెక్క అంతే.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాట ఎత్తాను. మా ఆయన మిరపకాయల బస్తాలు మోసే పనికి పోయేవాడు. ఆయనకు మాస్టారి మాటే సబబుగా తోచింది.

"ఆయన చదువుకున్నోడు, ఆయనకు తెలీదా? ఎద్దుని పొద్దున అరకకి, సాయంత్రం బండికి కడితే ఎన్నాళ్ళుంటది?"

"నేను ఎద్దునా నాన్నా?" అంది పిల్ల.

"ఎద్దువైతే మాట వినేదానివి."

"ఏమే, నీకేది ఇష్టమో చెప్పు," అన్నాను.

"రెండూ."

"ఒకటి చెప్పవే."

"అన్నం కావాలా, కూర కావాలా అంటే ఏం చెప్పను?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. సోమవారం బడికి వెళ్ళి కబడ్డీ అని చెప్పేశాను. రేపటి నుంచి కాలవ కట్టకు పోవద్దని పిల్లకు గట్టిగా చెప్పాను. సరే అంది. కానీ తెల్లవారుజామున నేను పొయ్యి రాజేసేటప్పుడు చూస్తే, పరిగెత్తడానికి లేచే వేళకు కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునేది. అలవాటైన వేళ కదా, నిద్ర రాదు.

పరుగు మానేసింది గనక పొద్దున కూడా కబడ్డీకే రమ్మన్నారు మాస్టారు. రెండు పూటలా అదే ఆట. చీలమండ పట్టుకోవడం, మోకాళ్ళ మీద పడడం, లేవడం. మూడు వారాలు అయ్యేసరికి కుడి మోకాలు నొప్పి అంది. వేడి నీళ్ళ కాపడం పెట్టాను. అది కాదు నన్ను భయపెట్టింది.

కబడ్డీలో అవతలి వాళ్ళ మీదకు వెళ్ళేటప్పుడు ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టాలి. కూత ఆగితే అవుటే. మా అమ్మాయి సాయంత్రం గిన్నెలు తోముతూ కూత సాధన చేసేది. ఒక్క కూతలో నాలుగు గిన్నెలు తోమేది. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టేదాన్ని. ఆ మూడు వారాల్లో నాలుగు కాస్తా మూడైంది. ఒక రోజు రెండో గిన్నె చేతిలో ఉండగానే కూత తెగిపోయింది. పిల్ల నా వైపు చూడకుండా గిన్నె కడిగి బోర్లించింది.

నేనే చెడగొట్టానా అనిపించింది. కానీ మాస్టారిని కాదనడానికి నేనెవరిని? ఆయన ఆటలు చదువుకుని వచ్చినవాడు.

అప్పుడు పత్తి ఆఖరి తీత, మిరప మొదటి కోత ఒకేసారి వచ్చాయి. ఒకే రైతువి రెండు చేలు, పక్కపక్కనే. మా ముఠాకు మేస్త్రి ఒక ముసలామె. వరసకు నాకు అత్త అవుతుంది. అరవై దాటినా మాతో సమానంగా సాలు పట్టేది. ఆమె మమ్మల్ని పొద్దున మిరపకు, మధ్యాహ్నం పత్తికి తిప్పేది. మిరపకాయలు వంగి కొయ్యాలి. మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది, వేళ్ళు మంటెక్కుతాయి. పత్తి మొక్క ఎత్తు కాబట్టి నిలబడి తియ్యొచ్చు. కాకపోతే కాయ డొప్పలు గోళ్ళ సందుల్లో గుచ్చుకుంటాయి.

ఆ రోజు ముఠాలో ఒక కోడలు పిల్ల, ఈ తిప్పుడు ఎందుకని విసుక్కుంది.

"ఒక్క చేనే పట్టుకుంటే తొందరగా తెమిలిపోద్ది కదా పెద్దమ్మా."

మేస్త్రి అత్త నడుం నిటారుగా చేసి నవ్వింది. "ఏమే పిల్లా, పొద్దుగూకే దాకా మిరపకాయలే కొయ్యి. రేపు నిన్ను మంచం మీద మోసుకు రావాలి మేము. పత్తిలోకి పోతే నడుం లెగుస్తది. రేపు మళ్ళీ మిరపకొస్తే గోళ్ళు ఊరుకుంటయ్. ఒకటి పని చేస్తంటే ఇంకోటి సేదదీరుద్ది. నలభై ఏళ్ళ నుంచి నా నడుం నిలబడింది అట్టాగే."

"నీ నోరు మాత్రం రెండు చేలల్లోనూ సేదదీరదు," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నా ఆలోచన మా అమ్మాయి మీదకు పోయింది. ఇరవై ఏళ్ళుగా ఒక రోజులో రెండు పనులు చేస్తున్నదాన్ని, నా పిల్లకు మాత్రం రెండు పూటలా ఒకే మోకాలు అరిగే పని పెట్టాను. పొద్దున పరిగెత్తినప్పుడు ఊపిరి పెరిగింది. సాయంత్రం కబడ్డీలో ఆ ఊపిరే కూత అయింది. మాస్టారు అలసట చూశారు. ఈ సంగతి ఆయన చూడలేదు. నా కంటి ముందు గిన్నెలతో సహా జరుగుతున్నా నేనూ చూడలేదు.

మర్నాడు పని మానేసి బడికి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. గేటు దగ్గరకొచ్చేసరికి సగం మర్చిపోయాను. మాస్టారు గ్రౌండులో సున్నంతో గీతలు వేయిస్తున్నారు.

"పిల్లను మళ్ళీ పరిగెత్తిస్తానండి," అన్నాను.

"ఏందమ్మా, మళ్ళీ మొదటికొచ్చావు?"

మిరప, పత్తి సంగతి చెప్పాను. గిన్నెల సంగతీ చెప్పాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని విన్నారు.

"ఆటలు నాకు మిరప చేలో కూర్చుని నేర్పుతున్నావు. బాగుంది."

"మీకు నేర్పేదాన్నా మాస్టారూ. దాని కూత రెండు గిన్నెలకే తెగిపోతంది. నాలుగు గిన్నెలు తోమేది. అది మాత్రం నాకు తెలుసు."

ఆ మాటకు ఆయన నడుం మీది చేతులు దించారు. కూత తగ్గిన సంగతి ఆయనా గమనించే ఉంటారు.

"వారమంతా రెండూ వద్దండి," అన్నాను. "మూడు రోజులు పొద్దున పరుగు, మూడు రోజులు సాయంత్రం మీ దగ్గర. ఒక రోజులో రెండూ మాత్రం కలవనివ్వను. ఆదివారం చర్చి. ఆ రోజు ఏదీ లేదు. మోకాలు నొప్పి అంటే ఆ వారం ఏదీ లేదు."

"అదంతా సరే. పోటీ రోజున రెండూ ఒకే టయానికొస్తే? నువ్వొచ్చి పందెం ఆపుతావా?"

"అప్పుడు చూద్దాం లెండి," అనేసి వచ్చేశాను.

పిల్లకు చెప్తే గంతులేసింది. మా ఆయన గొణిగాడు. అయినా మూడో రోజున తనే సైకిలు తీసి కట్ట మీద దాని వెనక పోయాడు. తిరిగొచ్చి, "దానితో పోటీ పడలేక చైను ఊడింది," అని చెప్పాడు. వారం తిరిగేసరికి మోకాలు నొప్పి తగ్గింది. పోటీల ముందు రోజు గిన్నెలు తోముతుంటే లెక్కపెట్టాను. ఐదు. ఐదోది పెద్ద అన్నం తపేలా.

పోటీల రోజున మా ఆయనా నేనూ పని మానేసి సత్తెనపల్లి వెళ్ళాం. అంతమంది మధ్య ఆడపిల్లల ఆట చూడడం నాకదే మొదలు. మా బడి పిల్లలు కబడ్డీలో ఫైనలు దాకా వచ్చారు. ఇంకో నాలుగు నిమిషాలుందనగా మైకులో ఎనిమిది వందల మీటర్ల పరుగు పందేనికి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మా అమ్మాయి పేరు వినిపించింది. మాస్టారు అడిగిన ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడింది.

మాస్టారి వైపు చూశాను. ఆయన అక్కడ లేరు. మెడలో ఈల ఊగుతుండగా పరుగు పందెం బల్ల దగ్గరకు పరిగెత్తుతున్నారు. ఆ గొంతు గ్రౌండంతా వినిపించింది.

"ఐదు నిమిషాలు ఆగండి సార్. మా పిల్ల కూతలో ఉంది."

అవతలివాళ్ళు ఒక పాయింటు ముందున్నారు. ఆఖరి కూతకు మా అమ్మాయే వెళ్ళింది. ఒక పిల్లను తాకి తిరగబోతుంటే ఇంకొకామె నడుం పట్టుకుంది. ముందు మా అమ్మాయి తాకిన పిల్ల దాని కాళ్ళకు చుట్టుకుంది. మా అమ్మాయి కింద పడింది. కూత మాత్రం ఆగలేదు. నేను కళ్ళు మూసుకుని గిన్నెలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇద్దరినీ ఈడ్చుకుంటూ పాకుతోందని మా ఆయన నా భుజం పిసుకుతూ చెప్తున్నాడు. నాలుగు. కళ్ళు తెరిచేసరికి దాని వేళ్ళు మధ్య గీత మీద ఉన్నాయి. పట్టుకున్న ఇద్దరూ అవుట్. రెండు పాయింట్లు మావే. ఒక్క పాయింటుతో గెలిచాం.

తోటి పిల్లలు ఎత్తుకోబోతే విడిపించుకుని పరుగు గీత దగ్గరకు వెళ్ళింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. మాస్టారు తన రుమాలు చింపి కట్టారు.

"ఓపికుందా?" అని అడిగారు.

"కబడ్డీ అయిపోయింది కదా సార్. ఇప్పుడు కాళ్ళ పనే."

ఆ గ్రౌండు నాలుగు చుట్లు తిరగాలి. మొదటి రెండు చుట్లూ వెనకే ఉంది. మూడో చుట్టులో ఒక్కొక్కరినే దాటింది. ఆఖరున గుంటూరు పిల్ల ఒకామె జానెడు ముందు గీత దాటింది. మా అమ్మాయి రెండోది. అప్పుడు అరిచినట్టు ఆ మాస్టారు కబడ్డీలో కూడా అరవలేదు. మర్నాడు ఆయన గొంతు పోయింది.

హాస్టలు వాళ్ళు ఆ సాయంత్రమే సీటు ఖాయం చేశారు. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపారు. "ఆట" అని ఉన్నచోట చిన్న గడి ఉంది. కలం ఆపి నా వైపు చూశారు.

"ఏమ్మా, ఏది రాయమంటావు? ఒక్క ముక్కకే చోటుంది."

"రెండూ రాయండి మాస్టారూ. అక్షరాలు చిన్నవి చేస్తే పడతాయి."

ఆయన నవ్వి, చీమల్లాంటి అక్షరాలతో రెండూ ఇరికించారు. కిందనున్న గీత మీద నేను సంతకం చేశాను. నా అక్షరాలు పెద్దవి, గీత దాటి పోయాయి.

ఆ జూన్లో మా అమ్మాయి ట్రంకు పెట్టె మోసుకుని హాస్టలుకు వెళ్ళింది. ముఠాలోకి రాలేదు.