లోపలి కాక

డెబ్బైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా ఐదు నెలల కూతురిని సీటు మీద పడుకోబెట్టాను. పక్కనున్న ముసలామె బిడ్డ జుట్టు సవరిస్తూ సీటు రేకు మీద అరచేయి ఆనించి, ఆగిపోయింది.

"బిడ్డను ఎత్తుకో తల్లీ. ఈడ కాక ఉండాది."

"ఎండ కదవ్వా," అన్నాను.

"ఎండకాక పైనుంచి వస్తాది. ఇది లోపల్నుంచి వస్తాంది."

కండక్టరు నవ్వాడు. బస్సు ఆపేదాకా ఆమె అరుస్తూనే ఉంది. సీటు ఎత్తి చూస్తే బ్యాటరీ వైరు కరిగి, పక్కనున్న గోనెపట్టా అప్పుడే నల్లబడుతోంది. డ్రైవరు మట్టి పోసి ఆర్పాడు.

"నీకెట్లా తెలిసిందవ్వా?"

"పత్తి మిల్లులో నా పని అదేనమ్మా. తడి పత్తి లోపల్లోపలే కాగుతాది. పొగ రాకముందే కుప్పలో చెయ్యి పెట్టి చూడాల. ఒకపారి జరమొచ్చి నేను పోలేదు. ఆ పొద్దు నా కూతురు ఆడనే పనిలో ఉన్నింది."

బస్సు కదిలాక బిడ్డను ఒళ్లోకి తీసుకుని జోకొట్టింది.

"అవ్వా, శిరివెళ్ల వచ్చె, దిగు," కండక్టరు కేకేశాడు.

ఆమె బిడ్డ ముఖంలోకి చూసింది. "ఇప్పుడే పండుకునింది. కదిలిస్తే లేస్తాది. ఆళ్లగడ్డ దాకా పోయి వెనక్కి వస్తాలే."

ఆళ్లగడ్డ దాకా ఆమె టికెట్టుకు నేనే డబ్బులిచ్చాను.