ఎస్తేరక్క ముట్టని రొట్టె

నిన్న పొద్దున ఏడింటికి చర్చి గ్రూప్‌లో మెసేజ్. మన సహోదరి ఎస్తేరు గారు ప్రభువునందు నిద్రించారు అని.

నాలుగుసార్లు చదివాను. టీ పొంగి స్టవ్ అంతా అయింది, ఆపడం కూడా గుర్తు రాలేదు.

నిజం చెప్తున్నాను, ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

నాతో ఒక్క మాట మాట్లాడకుండా ఎలా వెళ్లిపోతావు అక్కా?

మంచిర్యాల పక్కన మా గనుల కాలనీలో ఆమె తెలియనివాళ్లు లేరు. మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. నాకైతే సొంత అక్క కంటే ఎక్కువ.

కొత్తగా పెళ్లై భైంసా నుంచి ఈ క్వార్టర్‌కి వచ్చినప్పుడు ఇక్కడ నాకు ఒక్క మనిషి తెలియదు. మొదటి వారమే తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో మక్క గారెల డబ్బా. "ఏం చెల్లె, గింత పెద్ద కాలనీల ఒక్కదానివే కూసుంటవా? పా, ప్రార్థన కూటానికి పోదాం" అంది.

గనిలో మా ఆయన కాలు విరిగినప్పుడు నన్ను ఇంటికి పంపి, మూడు రోజులు ఆస్పత్రి బెంచీ మీద తనే ఉంది.

అందుకే ఆ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను.

మా ఆయన్ను అడిగే ఇది రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట తాగుడు మానాలని తనంతట తనే కరీంనగర్‌లో డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరారు. అందరికీ ఆదిలాబాద్‌లో వాళ్ల అన్న దగ్గర ఉన్నారని చెప్పాం. ఎస్తేరక్కను మాత్రం వంటింట్లో కూర్చోబెట్టి నిజం చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేసింది.

ఎవరికీ చెప్పొద్దక్కా అన్నాను. తలూపింది.

శుక్రవారం స్త్రీల కూటంలో ప్రార్థన మనవులు చెప్పుకుంటాం కదా. ఆ వారం నేను వెళ్లలేదు. అక్క లేచి నిలబడి, నా పేరుతో సహా మొత్తం చెప్పి, అందరూ భారంతో ప్రార్థన చేయమందట. ఇరవై మంది ఆమెన్ అన్నారు.

ఆదివారానికి కాలనీ అంతా తెలిసిపోయింది.

మా ఆయన మందు మానేసి తిరిగి డ్యూటీలో చేరిన రోజు, గనిలోకి దిగే ముందు దీపాలు తీసుకునే ల్యాంప్ రూమ్ దగ్గర ఒకతను నలుగురి ముందు అన్నాడట, "అన్నా, నువ్వు తాగుడు బంద్ చెయ్యాల్నని మా ఇంటామె ఉపాసం ఉన్నది" అని. ఈయన నవ్వి ఊరుకున్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ వారం నుంచి చర్చికి రావడం మానేశారు.

నేను అక్క ఇంటికి వెళ్లి అడిగాను. "అక్కా, నేను నీకు చెప్పిన. కూటానికి చెప్పమన్ననా?"

"నేనేం చాడీ చెప్పలే చెల్లె. ప్రార్థన పెట్టిన, గంతే."

ఆ "గంతే" దగ్గర నా మనసు విరిగిపోయింది.

నాలుగేళ్లు మాటల్లేవు. రెండుసార్లు మా గేటు దాకా వచ్చింది. స్నానం చేస్తున్నానని లోపలి నుంచే అరిచాను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు త్యాగాన్ని తలుచుకుని రొట్టె తీసుకుంటాం; మనసులో పగ పెట్టుకుని అది ముట్టకూడదు. రొట్టె తీసుకునే ముందు, ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే వెళ్లి చేయి కలపండి అని పాస్టర్ అయ్యగారు ఒక నిమిషం ఇస్తారు. నెలనెలా ఆ నిమిషంలో ఎస్తేరక్క లేచి నా వైపే చూసేది. నేను వంగి బ్యాగులో కర్చీఫ్ వెతుక్కునేదాన్ని. తర్వాత ముందుకెళ్లి మోకరించి రొట్టె తీసుకునేదాన్ని.

ఆమె మాత్రం మళ్లీ కూర్చుండిపోయేది, రొట్టెకు ముందుకు వచ్చేది కాదు. మోకాళ్ల నొప్పులు అనుకున్నాం అందరం.

నిన్న మెసేజ్ చూపిస్తే మా ఆయన చదివి ఫోన్ నా చేతిలో పెట్టేశారు. తర్వాత చెప్పారు.

"మూడేండ్ల కిందట్నే నాకాడికి వచ్చింది. డ్యూటీ దిగి వస్తుంటే బస్టాప్ కాడ నిలబడ్డది. తప్పు చేసిన తమ్మీ, మాఫ్ చెయ్యి అన్నది. చేసిన. చెల్లె గూడ మాఫ్ చేసేదాక బల్ల ముట్టనన్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నది. నువ్వు చెప్తే గాదు, చెల్లెకే మనసు రావాలె అన్నది."

ఏ మాటా కడుపులో దాచుకోలేని మనిషి, ఈ ఒక్కటి మూడేళ్లు దాచింది. దాచాల్సింది చెప్పేసింది, చెప్పాల్సింది దాచేసింది. ఆమె, మా ఆయన ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఎవరి అవమానానికైతే నేను నాలుగేళ్లు కోపం మోశానో, ఆ మనిషి ఎప్పుడో క్షమించేశాడు.

"మాఫ్ చేసినోనివి చర్చికెందుకు రాలే?" అని గట్టిగానే అడిగాను.

"నిన్ను తోల్కపోనీకి వచ్చినప్పుడు కిటికీల నుంచి చూసిన. ఆమె నీ దిక్కే చూస్తుండె. నువ్వు తల వంచుకొని, పోయి రొట్టె తీసుకుంటివి. అది చూసినంక లోపటికి రాబుద్ధి కాలే."

నిన్నటి నుంచి ఆయనతో కూడా మాట్లాడలేదు, ఇది రాయనా అని అడగడం తప్ప. ఇవాళ పొద్దునే లేచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. మూడింటికి సమాధి కార్యక్రమం. నాలుగేళ్ల తర్వాత ఇద్దరం కలిసి చర్చికి వెళ్తున్నాం.

అక్కా, నిన్ను క్షమించేశానని ఇక్కడ రాయలేను. రాస్తే అబద్ధం అవుతుంది, ఇంకా మండుతోంది నాకు. కానీ తప్పు చేసిన నువ్వు రొట్టె ముట్టలేదు. నేను నెలనెలా తిన్నాను. దేవుడి ముందు ఈ మాట ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు.

వచ్చే మొదటి ఆదివారం నేను కూర్చునే ఉంటాను. చేయి కలపడానికి నువ్వు ఉండవు.

అక్కడ నీకు బల్ల వేస్తే వెళ్లి తిను అక్కా. నా కోసం ఆగకు.

ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.