లవంగనూనె పెండ్లికొడుకు

ఆ కాలంలో మా సుల్తానాబాద్‌లో పంటి డాక్టరు లేడు కానీ, పంటినొప్పికి మందు చెప్పని మనిషి కూడా లేడు. చెంప మీద చెయ్యి వేసుకుని వీధిలోకి వస్తే చాలు, ఒకరు ఉప్పునీళ్ళు పుక్కిలించమనేవారు, ఒకరు జామాకు నమలమనేవారు, ఇంకొకరు (ఈయన మా ఇంటి వెనక మగ్గం నేసేవాడు) నొప్పి ఉన్న వైపు కాకుండా రెండో వైపు పడుకోమని చెప్పి, తన పనైపోయినట్టు వెళ్ళిపోయేవాడు. ఇవాళ గల్లీకొక పంటి దవాఖానా వచ్చింది. వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిస్తే డాక్టరు ఒక్కడే చూస్తాడు. అప్పట్లో నోరు తెరిస్తే ఊరంతా తొంగిచూసేది. నా నోట్లోకైతే ఒక ఊరు కాదు, రెండు ఊళ్ళు తొంగిచూశాయి. అదీ నా పెండ్లి రోజున.

అప్పుడు నాకు ఉట్నూర్‌లో గుమాస్తా ఉద్యోగం కొత్త. అడవి ఊళ్ళకు జీపులో తిరిగే అధికారి వెనక ఫైళ్ళు పట్టుకుని కూర్చోవడం నా పని. కూర్చున్నంతసేపూ పల్లిపట్టీలు నమలడం నా అలవాటు. ఆ అలవాటు పుణ్యాన దవడ పన్ను ఒకటి పుచ్చిపోయింది. పుచ్చిపోయినది పుచ్చిపోయినట్టు ఊరుకోకుండా, సరిగ్గా నాకు పసుపు రాసి, కంకణం కట్టి, పెండ్లికొడుకును చేసిన రోజే లేచి కూర్చుంది. పీకిద్దామంటే మా అవ్వ (మా అమ్మ) ఒప్పుకోలేదు. "కంకణం కట్టినంక రక్తం సూస్తమారా? పల్లు ఊడిన నోటితోని పీటల మీద కూసుంటవా? రేపటిదాంక ఓపిక పట్టు," అంది. కంకణం కట్టాక నేను గడప దాటకూడదు కూడా. అందుకని మా బావ (మా అక్క భర్త) వెళ్ళి, బజారులో అత్తరు దుకాణం పెట్టుకున్న చాచాను మా ఇంటికే తీసుకొచ్చాడు.

చాచా షేర్వాణీ జేబులోంచి బిరడా బిగించిన చిన్న గాజు సీసా తీశాడు. మూత తియ్యగానే మా అవ్వ పండక్కి లవంగాలేసి బగారన్నం వండిన రోజు వాసన ఇల్లంతా నిండింది. గ్లాసుడు నీళ్ళు తెప్పించి అందులో ఒక చుక్క వదిలాడు. లేత పసుపుపచ్చని చుక్క నెమ్మదిగా అడుక్కి దిగింది. "సూసినవా బేటా, మునిగింది. అసలు లవంగనూనె మునుగుతది. కల్తీ చేసింది తేలుతది," అన్నాడు గర్వంగా. తర్వాత జాగ్రత్తలు చెప్పాడు. "చెంచెడు నువ్వులనూనెల రెండే చుక్కలు కలుపు. దూదికి అద్ది పంటి బొక్కల పెట్టు. చిగురుకు తాకనియ్యకు, కాలుతది. ఊరిన ఉమ్మి మింగకు, కడుపుల మంట లేస్తది. చిన్నపిల్లలకు అందనియ్యకు. గాజు సీసలనే ఉంచు." "గిన్ని షరతులా చాచా, నొప్పి తగ్గుడే కదా?" అన్నాడు మా బావ. "నొప్పి ఒక్కటే అయితే ఫికర్ లేకపోవు. జాస్తి పెట్టినవనుకో, నోరు ఉన్నదో లేదో సుత తెల్వది," అన్నాడు చాచా. ఆ మాట మా బావ విన్నాడు. నేనూ విన్నాను. ఇద్దరం తలలు కూడా ఊపాము.

ఆ రెండు చుక్కలు నిజంగానే పనిచేశాయి. కాసేపు సన్నగా మండి, తర్వాత చల్లబడి, చివరికి ఆ పన్ను నాది కాదన్నట్టు అయిపోయింది. పసిపిల్లవాడిలా నిద్రపోయాను. పొద్దున్నే పెండ్లి బస్సెక్కి మంథని బయలుదేరాము. పెద్దపల్లి దాటేవరకు నేనూ పన్నూ స్నేహంగానే ఉన్నాము. ఆ తర్వాతి రోడ్డు మీద బస్సు ఎగిరినప్పుడల్లా పన్ను నాకంటే ఎత్తు ఎగరడం మొదలుపెట్టింది. నువ్వులనూనె ఇంట్లోనే మరిచిపోయాము. చెంచా కూడా లేదు. ఉన్నదల్లా సీసా, మా బావ లెక్క. "రెండు చుక్కలకే రాత్రంత పండుకున్నవ్ బామ్మర్ది. నాలుగు ఏసుకుంటే లగ్గమైనదాంక పరేషాన్ ఉండది. నోరు తెరువు," అన్నాడు. తెరిచాను. సరిగ్గా అప్పుడే బస్సు వాగులోకి దిగింది. నాలుగు చుక్కల సంగతి దేవుడెరుగు, సగం సీసా నోట్లోకి, ఇంకొంత అంగీ మీదికి ఒలికింది. మా బావ గాబరాపడి, బిరడా సరిగ్గా బిగించకుండానే సీసాను నా పెట్టెలో బట్టల మధ్య కుక్కేశాడు.

ఆ మంట సంగతి రాయడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. (మా అవ్వ చూసి, పెండ్లవుతున్న సంతోషం అనుకుందట.) మంథని చేరేసరికి మంట పోయింది. మంటతో పాటు నాలుక, చిగుళ్ళు, రెండు పెదవులూ పోయాయి. అంటే ఉన్నాయి, అద్దంలో కనబడుతున్నాయి, కానీ నా మాట వినడం లేదు. విడిది ఇచ్చిన బడిలో పెట్టె తెరిస్తే లోపలంతా లవంగాల వాన కురిసినట్టుంది. పెండ్లి బట్టలు మరకలు పడి ఘుమఘుమలాడుతున్నాయి. కరీంనగర్‌లో మోజుపడి కొన్న కొత్త ప్లాస్టిక్ దువ్వెన మెత్తబడి, దాని పళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చాచా గాజు సీసా అని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. మార్చుకోవడానికి వేరే బట్టలు లేవు. వాటినే తొడుక్కుని, మా బావ వేళ్ళతో తల దువ్వితే, వాసన వేసుకుంటూ ఎదుర్కోళ్ళకు నిలబడ్డాను.

ఇక్కడ పెండ్లికూతురి పెద్దబాపు (పెదనాన్న) గురించి చెప్పాలి. తండ్రి చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది ఈయనే. తెల్లటి మీసం, తెల్లటి ధోతి, నవ్వడం దండగ అనుకునే ముఖం. తన సొంత బిడ్డను మంచి ఇల్లని చూసి ఇస్తే ఆ అల్లుడు ఉన్న భూమంతా తాగి ఆ పిల్లను ఏడిపించాడు. అప్పటినుంచి తాగేవాడి పేరెత్తితే ఆయన ఆ ఇంట నీళ్ళు ముట్టడు. నాది ఉట్నూర్ ఉద్యోగం అనగానే, "గక్కడ ఇప్పసార మస్తు దొరుకుతదట కదా," అని సంబంధం మాటలప్పుడే అనుమానపడ్డాడట. పైగా ఆ రోజుల్లో మా ప్రాంతంలో సారా తాగినవాళ్ళు ఇంటికి పోయేముందు నోట్లో లవంగాలు వేసుకునేవారు. సారా వాసన మరుగున పడుతుందని వాళ్ళ నమ్మకం. అందువల్ల లవంగాల వాసన వచ్చే మగవాడంటే ఆడవాళ్ళు తలుపు దగ్గరే నిలదీసేవారు. ఇవన్నీ తెలిసిన పెద్దమనిషి ఎదురొచ్చి, షర్బతు ఇప్పించి, అలాయిబలాయి తీసుకోవడానికి నన్ను కౌగిలించుకున్నాడు.

ఆయన ముక్కు నా భుజం దగ్గర ఆగిపోయింది. వెనక్కి జరిగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎర్రబడిన కళ్ళు, ఉబ్బిన చెంప, గడ్డం మీదికి జారుతున్న షర్బతు. "మంచిగున్నవా అల్లుడు?" అని అడిగాడు. "బాగున్నా పెద్దబాపూ" అని నేను అన్నాననుకున్నాను. బయటికి వచ్చింది మాత్రం గాలి, కొంచెం షర్బతు.

"లవంగాలు నమిలి వచ్చినవా?" అన్నాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. "అయితే మా పిల్ల పేరు చెప్పు. తాగనోడైతే చెప్తవు." ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే నాకు ఇంట్లో అన్నం దొరకదు. పలకాలంటే రెండు పెదవులూ మళ్ళీ మళ్ళీ కలవాల్సిన పేరని మాత్రం చెప్పగలను. ఉట్నూర్‌లో జీపు వెనక కూర్చుని ఎన్నిసార్లు అనుకున్న పేరది. నా పెదవులు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి కానీ కలుసుకోలేదు.

"బ్యాండు ఆపుండ్రి," అన్నాడాయన. (సన్నాయి ఆయన ఒక్కడు వినబడక ఇంకాసేపు వాయించాడు.) "ఒక బిడ్డను తాగుబోతుకిచ్చి సూసిన. గిప్పటికి దాని కండ్లల్ల కండ్లు పెట్టి సూడలేను. గీ పిల్ల గొంతు సుత కోయ. బస్సు మల్పుకోండ్రి." నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఇంత ప్రేమగా పెంచిన ఇంటి పిల్ల నాకు దక్కకుండా పోతుందే అన్న దుఃఖం మాత్రం వచ్చింది. మా అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. మా బావ ముందుకొచ్చి పన్ను సంగతి చెప్పబోయాడు కానీ ఆయన మాట నమ్మేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. (వరపూజకు వచ్చినప్పుడు మంథని కల్లు రుచి చూసి, పక్కింటి అరుగు మీద ఎవరిదో దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా పడుకున్న చరిత్ర ఆయనది.) చివరికి పరుగున పోయి సీసా తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టాడు. "గిది నోట్ల ఒలికింది. గంతే మామా, నా పిల్లల మీద ఒట్టు."

పెద్దబాపు సీసాను ఎండకు ఎత్తి చూశాడు. "గీ ఇంత నూనెకు మనిషి మాట పడిపోతదా? అందరు సూడుండ్రి," అంటూ మిగిలినదంతా అరచేతిలో ఒంపుకుని, పండ్లు తోముకున్నట్టు చిగుళ్ళకూ నాలుకకూ పెదవులకూ రుద్దేశాడు. ఆయన ఏ పనీ సగం చేసే మనిషి కాదు. వద్దని నేను చేతులు ఊపాను. ఆయన నావైపు చూడనేలేదు. కాసేపటికి మీసం అదిరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా నిటారుగా నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత చెయ్యెత్తి, "ఏం కాలేదు, సూసిండ్రా" అని ఉంటాడని నా ఊహ. మాకు వినబడింది వేరే. ముత్తైదువుల్లోంచి ఆయన చెల్లెలు ముందుకొచ్చి, "అన్నా, పిల్ల పేరు చెప్పు," అంది.

ఆ పేరు పెట్టింది ఆయనే. నూలు పోగులాంటి పసిదాన్ని ఒళ్ళో వేసుకున్ననాటి నుంచి పొద్దంతా పిలిచిన పేరు. చెప్పబోయాడు, గాలి వచ్చింది. మళ్ళీ చెప్పబోయాడు, మళ్ళీ గాలి వచ్చింది. పెదవులు అసలు ఉన్నాయా అని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. తెల్లటి మీసం మీంచి చొంగ కారి కొత్త ధోతి మీద పడింది. "అన్నా, నువ్వు సుత ఏసుకున్నవా?" అంది చెల్లెలు. ముందు ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత మా బస్సు డ్రైవరు, ఆ తర్వాత ఇక ఆగలేదు. పెద్దబాపు నావైపు చూశాడు. ఇద్దరం నోళ్ళు తెరుచుకుని, మాట రాక, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. అప్పుడాయన నన్ను రెండోసారి కౌగిలించుకున్నాడు. ఈసారి వదలడానికి చాలాసేపు పట్టింది. లగ్గం టైము దాటకుండానే తాళి పడింది.

విందులో ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నాము. అందరి విస్తళ్ళలో లడ్డూలు, పులుసులు. మా ఇద్దరి విస్తళ్ళలో కలిపిన పెరుగన్నం. మరునాటికి చిగుళ్ళ మీద తెల్లటి పొర లేచి ఊడింది. ఆయనకూ అంతేనని తర్వాత కబురొచ్చింది. మా ఇంటి గడప దగ్గర మా అక్క అడ్డం నిలబడి, ఆనవాయితీ ప్రకారం ఒకరి పేరొకరు చెబితేనే లోపలికి రమ్మంది. అప్పటికి నా పెదవులు తిరిగొచ్చాయి. పెండ్లాం పేరును వీధి చివర చాచా దుకాణానికి వినబడేలా చెప్పాను. ఆమె నా పేరు తల వంచుకుని చెప్పింది. జన్మలో ఆ ఒక్కసారే. కొన్నాళ్ళకు, "నేను తాగి వచ్చిన్నని విని ఏడ్చినవా?" అని అడిగితే, "ఎందుకేడుస్త? తాగినోనికి ఒక్క దిక్కే చెంప వాస్తదా అని అడిగిన. ఎవ్వరు ఇనలే," అంది. పీటల మీద అంతమంది మధ్య ఎవరికీ కనబడకుండా తన చేతిరుమాలు నా చేతిలో పెట్టింది కూడా ఆమే.

మొన్నీమధ్య కరీంనగర్‌లో పంటి దవాఖానాకు వెళ్ళాము. తలుపు తియ్యగానే అదే వాసన. నేను గడప మీదే ఆగిపోయాను. "లవంగాల్ల ఉండే యూజినాల్ తాతా. జింకు పొడిల కలిపి పంటి గుంతలు నింపుతం. లెక్కల ఉంటే మందు, లెక్క తప్పితే చిగురు కాలుతది," అన్నాడు కుర్ర డాక్టరు. నాకెందుకో చాచా గుర్తొచ్చాడు, పెద్దబాపు గుర్తొచ్చాడు. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. డాక్టరు మత్తు సూది పొడిచి, ఇంకా మిగిలి ఉన్న ఒక దవడ పన్ను పీకి పంపించాడు.

ఆటోలో ఆమె నా ముఖం కాసేపు చూసి, "నా పేరు చెప్పుండ్రి జర," అంది. చెప్పబోయాను. పెదవులు మళ్ళీ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. గాలి వచ్చింది. ఆటో పిల్లవాడు వెనక్కి తిరిగి, "తాత ఏసుకున్నడా అవ్వా?" అని అడిగాడు.

"లేదు బిడ్డా. పెండ్లినాటి సంది గాయన గంతే," అంది.

నేను నవ్వాననే అనుకున్నాను. పెదవులకు ఆ సంగతి తెలిసిందో లేదో మరి. ఆమె కొంగు తీసి నా గడ్డం తుడిచింది.